గోవింద్‌పూర్ నుంచి టిఫిన్ బండిని లాక్కొచ్చాం

ఎందుకు వెళ్ళామంటే

జంషెడ్‌పూర్ నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఇప్పటికీ ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ళు మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని అంత దూరం నుంచి పికప్‌కి కట్టుకుని లాక్కొచ్చారా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేసరికి పెనం మీద అట్టు మాడిపోతోంది. అందుకే రాసేస్తున్నాను. చదివినవాళ్ళు దయచేసి మళ్ళీ అడక్కండి.

సోంపేటలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా టిఫిన్ కొట్టు ముందు భాగం పోయింది. మిగిలిన దాంట్లో పొయ్యి పెడితే నేను పట్టను, నేను నిలబడితే పొయ్యి పట్టదు. ఇల్లు నడిచేది ఆ ఇడ్లీల మీదే. చక్రాల మీద కొట్టు పెట్టుకుంటే ఎక్కడ నీడ ఉంటే అక్కడ ఆపుకోవచ్చని మా ఆయన అన్నాడు. ఆయనకి సొంత పికప్ ఉంది, కొబ్బరికాయల లోడు తోలుతుంటాడు. సంగతి ఫోన్లో మా మేనమామ దానియేలు మావయ్యకి చెప్పాను. ఆయన జంషెడ్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, గోవింద్‌పూర్‌లో కూతురు రూతు దగ్గర ఉంటున్నాడు.

"మా ఈదిలోనే వెల్డింగు షెడ్డుందమ్మా. నేను దగ్గరుండి సేయిత్తాను. మీరొచ్చి అట్టుకెల్లండి," అన్నాడు మావయ్య. ఆ తర్వాత, "నాదీ ఓ సామానుంది, దాంతో పాటు తెచ్చీండి," అన్నాడు. ఏమిటని అడిగితే వచ్చాక చూపిస్తానన్నాడు.

బారిపదా, బహరగోడా

వెళ్ళేటప్పుడు వెనక ఏమీ లేదు కాబట్టి హాయిగా వెళ్ళాం. ఒడిశా అంతా దాటుకుంటూ రెండో రోజు పొద్దున్న బారిపదాలో ఆగాం. అక్కడ మరమరాల మీద వేడి వేడి మాంసం కూర పోసి ఇచ్చారు. మరమరాలంటే మనం ఉల్లిపాయ, కారం కలిపి సాయంత్రం పూట నోటి కాలక్షేపానికి తింటాం. వీళ్ళు పొద్దున్నే వాటితో భోజనం చేస్తున్నారు. మా కొట్లో రెండు పెసరట్ల ధరకి కడుపు నిండిపోయింది. ఇది సోంపేటలో పెడితే నడుస్తుందా అని ఆలోచిస్తూ నేను రెండోసారి పెట్టించుకున్నాను. ఇది వ్యాపార పరిశోధన అని మా ఆయనకి చెప్పాను, నమ్మలేదు.

బహరగోడా దగ్గర జార్ఖండ్‌లో అడుగుపెట్టాం. టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు మా పికప్ వెనక కొత్తగా వేయించిన కొక్కేన్ని వంగి మరీ చూశాడు. ఏం లాగుతారని అడిగితే ఇడ్లీల కొట్టు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "గాడీ ఆగే, దుకాన్ పీఛే," అంటూ పక్కవాళ్ళందరికీ చెప్పాడు. బండి ముందు, కొట్టు వెనక. మా టీకి డబ్బులు కూడా ఆయనే ఇచ్చేశాడు.

గోవింద్‌పూర్

నేను ఇనప ఊరు అంటే పొగ, మసి, అరుపులు అనుకుంటూ వెళ్ళాను. టెల్కో కాలనీ దాటుతుంటే రోడ్డుకి రెండు వైపులా చెట్లు, వరసగా క్వార్టర్లు. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తోసుకోవడం లేదు. స్కూటరు వెనక కూర్చున్న ముసలమ్మకి కూడా హెల్మెట్టు ఉంది. మా ఊళ్ళో హెల్మెట్టు పోలీసు కనిపించాక నెత్తి మీదకి ఎక్కే వస్తువు. ఈ ఊరి మీద నాకు మోజు అక్కడే మొదలైంది.

మావయ్య ఇంట్లో ఇంకో వింత చూశాను. ఆ సాయంత్రం బజారుకి వెళ్దామని చెప్పులేసుకున్నాం. మావయ్య వాకిట్లో నిలబడి, "అందరూ ఇలా రండి. ఒకో ఖత్రా సెప్పండి," అన్నాడు.

ఖత్రా అంటే ప్రమాదం. ఫ్యాక్టరీలో షిఫ్టు మొదలయ్యే ముందు పనివాళ్ళందరూ గుండ్రంగా నిలబడి, ఆ రోజు పనిలో ఎవరికి ఏం దెబ్బ తగలొచ్చో తలా ఒకటి చెప్పుకుంటారట. మావయ్య రిటైరయ్యాడు కానీ ఆ అలవాటు రిటైరవలేదు. ఇల్లు కదలాలంటే ఇంటిల్లిపాదీ నిలబడి చెప్పాల్సిందే.

"గ్యాసు కట్టీసాను నాన్నా," అంది రూతు.

"నానాజీ, మోడ్ పే కుత్తా బైఠా హై," అంది రూతు కూతురు స్నేహ. ఆ కాలేజీ పిల్లకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. మలుపులో కుక్క కూర్చుందట.

నా వంతు వచ్చింది. ఏం చెప్పాలో తోచక, నా చెప్పులు అరిగిపోయి జారుతున్నాయన్నాను. మావయ్య నన్ను లోపలికి పంపి రూతు చెప్పులు వేయించాడు. అప్పుడు నవ్వొచ్చింది. మర్నాటికి మాత్రం ఎప్పుడు నిలబడమంటాడా అని నేనే ఎదురుచూశాను. ఇంట్లో అందరి మాటా ఒకేలా వినే సమయం రోజులో అదొక్కటే ఉందని నాకు అనిపించింది.

పెరట్లో

బండి పెరట్లో ఉంది. తళతళలాడే స్టీలు, గుండ్రంగా మలిచిన అంచులు, ముందువైపు రెండు పొయ్యిల దిమ్మ, వెనకవైపు తలుపు, లోపల అరలు. ఒక్క అతుకు కూడా చేతికి గీసుకోదు. నేను చాలాసేపు దాన్ని నిమురుతూ నిలబడ్డాను. సంతోషంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దాని పక్కనే గోడకి ఆనించి మావయ్య సామాను ఉంది. స్టీలు సిలువ. నా భుజం దాకా వచ్చింది. అడ్డపట్టీ మీద సువార్తమ్మ అని అక్షరాలు కోసి అతికించి ఉన్నాయి. సువార్తత్త అంటే మావయ్య భార్య. చెల్లెలింటికని సోంపేట వచ్చి, జబ్బు చేసి అక్కడే పోయింది. మా చర్చి సమాధుల్లోనే పెట్టాం. అప్పుడు నాటిన చెక్క సిలువని చెదలు తినేశాయి. కిందటి సమాధుల పండగకి అక్కడ నేను ఓ కొబ్బరి మట్ట గుచ్చి దండ వేశాను. ఆ సంగతి మావయ్యకి ఎవరు చెప్పారో తెలియదు.

"ఈసారి పండగకి ఇది నిలబడాలమ్మా. నాకు మోకాళ్ళు లెగట్లేదు, అంత దూరం రాలేను. లారీ పార్సిల్‌లో ఏత్తే ఎక్కడ పారేత్తారో. మీ సేత్తో అట్టుకెల్లండి," అన్నాడు.

నేను తల ఊపాను. సమాధుల పండగ వారంలోకి వచ్చేసింది.

బజారు, సంచులు

మర్నాడు టెల్కో బజారులో ధుస్కా తిన్నాను. బియ్యం, పప్పు రుబ్బి నూనెలో వేస్తారు. మన గారెకి దూరపు చుట్టం, పక్కన శనగల కూర. వేయించే ఆవిడ నేను టిఫిన్‌వాలీనని తెలిసి పిండి గిన్నె మూత తీసి చూపించింది. మా ఊళ్ళో పక్క కొట్టువాళ్ళకి పిండి చూపించడం అంటే ఆస్తి కాగితాలు చూపించడమే. ఆవిడకి ఆ భయం లేదు. ఆ ఉత్సాహంలోనే రాతి చక్రాల పెద్ద గ్రైండరు ఒకటి కొనేశాను. ధర ఇక్కడ రాయను, మా అత్తగారు చదువుతారు.

మేం ఇంటికొచ్చేసరికి వాకిట్లో సంచులు ఉన్నాయి. ఊరికి నేరుగా వెళ్ళే బండి ఉందన్న కబురు గోవింద్‌పూర్ నుంచి టెల్కో కాలనీకీ, అక్కడి నుంచి భుయ్యాడీహ్‌లో ఉన్న మనవాళ్ళకీ పాకిపోయింది. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు రైలుకి వెళ్ళే ఎవరికైనా ఒక పొట్లం ఇవ్వడం, పుచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్న మర్యాద. కాదనడం ఎవరికీ రాదు. రైలు మనిషి చేతికి పొట్లం ఇస్తారు, ఇంత పెద్ద బండికి ఏం ఇస్తారో మీరే ఊహించుకోండి. కుట్టు మిషను, ఇత్తడి బిందెలు, దుప్పట్ల మూట, ఎవరిదో తిరగలి.

పక్కింటి నరసమ్మగారు ఇచ్ఛాపురం వైపు మనిషి. ఆవిడ గోనె సంచిని ఇద్దరు మోసుకొచ్చారు. "మా అప్పకూతురి పెళ్ళికి సామాన్లు బావూ, ఏటంత బరువు లేదు, టిక్కే అంతే," అంది మా ఆయనతో. టిక్కే అంటే ఒడియాలో కాస్త. ఆ కాస్తని లోపలికి ఎత్తేసరికి మా ఆయన నడుం పట్టుకున్నాడు.

పికప్ తొట్టి మా గ్రైండరు, గిన్నెలు, బియ్యం బస్తాలతో నిండిపోయింది. అందుకని సంచులన్నీ టిఫిన్ బండిలోకే వెళ్ళాయి. తలుపు వెనక ఉంది కాబట్టి ఎక్కించినవి ఎక్కించినట్టు వెనకే ఉండిపోయాయి. అన్నిటికన్నా ఆఖర్న మావయ్య సిలువని తెచ్చి, తలుపుకి ఆనించి పెట్టించాడు.

బయల్దేరే పొద్దున్న మామూలుగానే గుండ్రంగా నిలబడ్డాం. నరసమ్మగారితో సహా వీధిలో సగం మంది వచ్చారు. చక్రాల నట్లు చూశారా అన్నారొకరు. వెనక దీపాలు వెలుగుతున్నాయా అన్నారింకొకరు. నిద్రొస్తే ఆపీమని నరసమ్మగారు, తోలుతూ ఫోన్ ఎత్తొద్దు, ఫోన్ మత్ ఉఠానా అని స్నేహ. మావయ్య కొక్కెం కింద రెండు గొలుసులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా మెలేసి తగిలించి మా ఆయన వైపు తిరిగాడు.

"అల్లుడుగారూ, దారిలో టైరు పేల్తే బిరేకు మీద కాలెయ్యకండి. ఏక్సిలేటరు మెల్లగా ఒదిలీండి. స్టీరింగు తిన్నగా అట్టుకోండి. బండి దానంతటది నెమ్మదిస్తాది. అప్పుడు పక్కకి తియ్యండి."

ఇన్ని ఖత్రాలు చెప్పుకున్నాం. సంచుల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎవరి సంచి వాళ్ళకి కనిపిస్తూనే ఉంది.

గాలూడీ దాటాక

ఊరు దాటిన దగ్గర్నుంచీ వెనక బండి తోక ఊపుతోంది. ముందు కొంచెంగా, లారీ పక్కనుంచి వెళ్తే ఇంకాస్త. మా ఆయన మాట్లాడటం మానేశాడు. మా ఆయన మాట్లాడటం మానేస్తే నాకు భయం. నెమ్మదిగా పోనివ్వండి అన్నాను, నెమ్మదిగానే పోనిస్తున్నాను అన్నాడు.

గాలూడీ దాటాక రోడ్డు కొంచెం పల్లంలోకి దిగింది. వెనక ఫట్‌మని పేలింది. పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని పక్కకి లాగినట్టయింది. అద్దంలో టిఫిన్ బండి ఒక పక్కకి ఒరిగిపోయి అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఎదురుగా బస్సు వస్తోంది. నేను బ్రేకు బ్రేకు అని కేకలు పెట్టాను. మా ఆయన కాలు బ్రేకు మీదకి వెళ్ళబోయి గాల్లో ఆగింది. దాన్ని వెనక్కి తీసుకుని, రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. బస్సు హారను మోగించుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. అప్పుడు పక్కన ఉన్న ధాబా ముందు మట్టిలోకి దింపాడు.

దిగి చూస్తే టైరు పీలికలైపోయి ఉంది. కొక్కెం తాళం వంగిపోయి, బండి ముక్కు కొక్కెం మీద లేదు. మావయ్య మెలేసిన గొలుసుల మీద పడుకుని ఉంది. అవి లేకపోతే బండి బస్సు కిందకి పోయేది, బస్సులో ఉన్నవాళ్ళు ఏమయ్యేవారో. నేను అక్కడే కూలబడ్డాను. మా ఆయన నా పక్కన కూర్చుని, "మీ మావయ్య సెప్పకపోతే తొక్కీసీవాణ్ణి," అన్నాడు.

ధాబా వాకిట్లో

ధాబా నడిపే ఆవిడ పరిగెత్తుకొచ్చి నా చేతిలో చెంబు పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదని చూసుకున్నాక, బండి వెనక చాలా దూరంలో రోడ్డు మీద కొమ్మలు పరిచి వచ్చే లారీలకి గుర్తు పెట్టింది. తర్వాత లిట్టీలు కాల్చి తెచ్చింది. లోపల వేయించిన శనగపిండి, మీద నెయ్యి, పక్కన కాల్చిన వంకాయ పచ్చడి. అంత భయంలోనూ ఆ పచ్చడిలో ఆవనూనె ఉందని నా నాలుక కనిపెట్టింది. డబ్బులిస్తే, గండం గడిచినవాళ్ళ దగ్గర మొదటి ముద్దకి తీసుకోనంది.

పికప్ స్టెప్నీ టిఫిన్ బండికి సరిపోదు, దాని చక్రాలు చిన్నవి. మావయ్యకి ఫోన్ చేశాం. నరసమ్మగారి కొడుకు వ్యానులో మావయ్య, రూతు, నరసమ్మగారు వచ్చారు, రెండు కొత్త చక్రాలు, కొత్త తాళం తెచ్చారు. మావయ్య దిగగానే నన్నూ, మా ఆయన్నీ తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకున్నాడు. తర్వాత పీలికలైన టైరు దగ్గర వంగాడు. రెండో టైరు మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. నేనూ పెట్టి చూశాను. ఇంతసేపు ఆగి ఉన్నా ఇంకా వేడిగానే ఉంది.

"కాళీ బండికి పట్టినంత గాలే ఉంది. మనం దాని మీద ఇంత బరువెట్టీసినాం. టైరు నలిగి నలిగి ఏడెక్కిపోనాది," అన్నాడు. "ఇంకోటమ్మా, బండి ముక్కు కొక్కేన్ని కిందకి నొక్కాల. బరువంతా తోకలో ఎట్టీసీసరికి ముక్కు లెగిసిపోనాది. అందుకే ఊగింది."

నరసమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రండి," అన్నాడు మావయ్య. రోడ్డుకి దూరంగా, ధాబా వాకిట్లో గుండ్రంగా నిలబడ్డాం. ధాబా ఆవిడకి ఏమర్థమైందో, ఆవిడా వచ్చి నిలబడింది. ఎప్పుడూ చిన్నవాళ్ళతో మొదలుపెట్టించే మావయ్య ఈసారి తనే మొదలుపెట్టాడు.

"మొదటి ఖత్రా నాది. నిన్న కాళీ బండిని సూసి పాసు సేసినాను. పొద్దున్న నిండు బండిని సూడలేదు. సూత్తే ముందు నాదే దించాలని నాకు తెల్సు."

తర్వాత ఆయనే వెళ్ళి తలుపు తెరిచాడు. మా ఆయన సాయం వెళ్తే వద్దన్నాడు. సిలువని గుండెకి ఆనించుకుని, మోకాళ్ళు వణుకుతుంటే, దాన్ని దించి వ్యాను పక్కన నిలబెట్టాడు. తండ్రి వైపు చూడలేక రూతు పక్కకి తిరిగింది.

"నా గోని కూడా కతరానే బావూ. మీకేటైనా అయితే ఆ పెళ్ళి ఏం పెళ్ళి," అని నరసమ్మగారు తన సంచిని లాక్కుంది. తిరగలి దిగింది, కుట్టు మిషను దిగింది. ఇక్కడ లేనివాళ్ళకి తను సర్ది చెబుతానని రూతు అంది. దుప్పట్ల మూటని మావయ్య ఇరుసుకి ముందుకి జరిపించి ఉంచాడు. అంత బరువు పరవాలేదన్నాడు.

నా వంతు వచ్చింది.

"నాది గ్రైండరు," అన్నాను.

"అది పికప్‌లో ఉంది కదేటే," అన్నాడు మావయ్య.

"ఉంది. దాన్ని దించితే ఆ చోట్లో సిలువ పడుకుంటుంది. పికప్ తొట్టిలో, ముందుకి, క్యాబిన్ని ఆనుకుని. దానికన్నా ఇది తేలికే."

"నీ ఎవ్వారం ఎలా నడుత్తాదమ్మా? దాని కోసం అంత సరదా పడి కొనుక్కున్నావు."

"ఇంట్లో పాతది ఉంది మావయ్యా. రెండు దెబ్బలు కొడితే తిరుగుతుంది. పండగ ఆగదు కదా."

నిజం చెప్పాలంటే ఆ గ్రైండరు మీద నాకు చాలా ఆశ ఉండేది, దించుతుంటే ప్రాణం ఉసూరుమంది. కానీ మావయ్య నా తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు ఊరికొచ్చినప్పుడల్లా అలాగే పెట్టేవాడు. మా ఆయన, నరసమ్మగారి కొడుకు కలిసి గ్రైండరు వ్యానులోకి మార్చారు. సిలువని దుప్పటి చుట్టి, తాళ్ళతో రెండు వైపులా బిగించారు. మావయ్య తాళ్ళు లాగి చూశాడు, కొత్త చక్రాల గాలి చూశాడు, టిఫిన్ బండి ముక్కు మీద బరువు మోపి కొక్కెం మీద కూర్చుందని చూశాడు. గొలుసులు మళ్ళీ మెలేశాడు.

"ఆగినసోటల్లా టైర్ల మీద సెయ్యెట్టి సూడండి," అన్నాడు. బండి కదిలేదాకా రోడ్డు దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు.

సోంపేట

ఆ తర్వాత బండి తోక ఊపలేదు. బహరగోడాలో, బారిపదాలో, భద్రక్‌లో, టీ తాగిన ప్రతిచోటా నేను దిగి రెండు టైర్ల మీదా చెయ్యి పెట్టి చూశాను. పెట్రోలు బంకు కుర్రాళ్ళు నేను టైర్లకి దణ్ణం పెడుతున్నాననుకున్నారు. అనుకోనీ. ఇచ్ఛాపురం దాటాక తెలుగు బోర్డులు కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

సమాధుల పండగ ముందురోజు చర్చి వెనక గొయ్యి తీసి, సిమెంటు కలిపి, సిలువ నిలబెట్టాం. సాయంత్రం ఎండ దాని మీద పడుతోంది. నేను సమాధి కడిగి, చామంతులు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి, మావయ్యకి వీడియో కాల్ చేశాను. ఆయన ఫోను దగ్గరే కూర్చున్నట్టున్నాడు, ఒక్క మోతకే ఎత్తాడు.

"ఇద్దరూ బాగున్నారా? టైర్లు ఏడెక్కినాయేటి?" అన్నాడు.

"లేదు మావయ్యా. అందరం బాగున్నాం. ఇదిగో చూడు," అని ఫోను అత్త వైపు తిప్పాను.

అవతల ఏమీ వినిపించలేదు. ఫోను కట్టయిందేమో అనుకుని నా వైపు తిప్పుకున్నాను. తెర మీద ఆయన మొహం లేదు. టవలు కనిపిస్తోంది, దాని వెనక భుజాలు కదులుతున్నాయి.

"ఇంకా దగ్గరగా ఎట్టమ్మా," అన్నాడు చివరికి. "దాని పేరు సదువుకుంటాను."